అమ్మ పుట్టింటి పేరు

చిక్కడపల్లి లైబ్రరీ గల్లీ మలుపులో
ఇప్పుడు కర్రీ పాయింట్ నడుస్తున్న షట్టర్ కింద
ఆరు కంప్యూటర్లు, ఒక కూలరు, నేను.
గంటకు పదిహేను రూపాయలు.
మెయిల్ ఖాతా తెరిచిస్తే ఇంకో పది.
ఖాతా మాత్రం ఫ్రీ అని గోడ మీద రాసి పెట్టినం.

"పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచమ్మా, నేను పోగొట్టుకుంట" అని
పక్కింట్ల తాళంచెవి ఇచ్చి ఊరికి పోయినట్టు
నా చేతుల పెట్టి పోయేటోళ్లు.
కుట్టు ఊడిన పొడుగు నోటుబుక్కు నాది.
ఎడమ దిక్కు పేరు, కుడి దిక్కు గుట్టు,
నడుమ ఎర్ర గీత.

బాలానగర్ల లేత్ మిషన్ దిగి
గోర్లల్ల నూనెతోటే వచ్చిండు బాలకిష్టయ్య.
తెర అడిగింది: అమ్మ పుట్టింటి పేరు?
కీబోర్డు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
నలభై ఏండ్లల్ల ఎవ్వరూ అడగలేదట ఆ ముక్క.
తెల్లారి మళ్లొచ్చిండు, చిన్నమ్మనడిగి:
"జక్కులోళ్లు."
ఇంగ్లీషుల ఒక్క కె కొట్టిన్నో, రెండు కొట్టిన్నో
నోటుబుక్కుకే ఎరుక.
ఆయన పిల్లలకు తెల్వని పేరు
ఏ దేశంల, ఏ మిషన్లనో పోయి కూసుంది.

ఇంకోటి చెప్పాలె.
అనీస్ అని కోఠి కాలేజీ పిల్ల.
ఒకనాడు పగటిపూట కరెంటు పోయి వచ్చింది,
షాపుల పురుగు లేదు.
నోటుబుక్కు పదకొండో పేజీ.
చదవని ఉత్తరం నల్లగ, లావుగ ఉంటది.
తెరిచిన. నాలుగే లైన్లు.
ఏమున్నదో చెప్పను, గంతన్న చెయ్యనియ్యండి.
వెనక్కొచ్చి చూస్తే అక్షరాలు సన్నబడి ఉన్నయి,
బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి తీసినంక
మిగిలిన గుంట లెక్క.
'చదవనట్టు' అని ఒక మీట ఉంటది.
నొక్కిన. మళ్ల లావైనయి.
పొద్దుగూకి ఆ పిల్ల వచ్చి
తెరకు దగ్గరగ వంగి, తనలో తానే నవ్వుకుంట చదివింది.
నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్న.

ఆ తర్వాత కొన్నేండ్లకు
మోకాళ్లు గుంజుతున్నయని మా అక్కకు రాస్తే
పక్కనే మూలికల నూనె సీసా బొమ్మ లేచింది.
అందరూ కోపం చేస్తరు, నాకు రాలే.
నా అసొంటిదే ఇంకోటి
లోపల పొడుగు నోటుబుక్కు పట్టుకొని కూసుందని
అర్థమైంది, గంతే.

మొన్న బాగ్ అంబర్‌పేటల మా ఇల్లు ఎతుక్కుంట వచ్చిండు బాలకిష్టయ్య.
ఫ్యాక్టరీ మూతబడి ఏండ్లాయె.
సర్వీసు సర్టిఫికెట్ అసలుది
రెండువేల ఇరవై వానల, నాలా ఇంట్లకొచ్చిన రాత్రి
అటుకుల ముద్దయింది.
"ఆనాడు స్కాన్ తీసి మెయిల్ల పెట్టినవు గదమ్మా,
అండ్లయితే పదిలం అన్నవు."
అన్న. నోరారా అన్న.

నోటుబుక్కు తీసిన. రెండు కె లు.
తెరుచుకుంది.
లోపల కడిగిన పలక.
తమరు చాలా కాలంగా రానందువల్ల ఖాళీ చేయడమైనదని
మర్యాదగ రెండు ముక్కలు.

కరెంటోళ్లయితే కౌంటర్ ముందల నిలబడి కొట్లాడొచ్చు.
నల్లా రాకపోతే రోడ్డుకు అడ్డం బిందెలు పెట్టొచ్చు.
దీని గడప ఏ బస్తీల ఉంది?
"పైసలియ్యనిదానికి పంచాయితేందమ్మా"
అన్నడు ఆయనే, నన్ను ఓదారుస్తున్నట్టు.

చాయ్ ఇచ్చిన.
నోటుబుక్కు దిక్కే చూసుకుంట అడిగిండు:
"నడుమ ఎప్పుడన్న నాది తెరిచి చూసినవా?"
"నీదైతే చూడలే."

ఆ 'అయితే'
చాయ్ మీద మీగడ కట్టేదాక
ఇద్దరి నడుమ కూసుంది.

పోయేటప్పుడు జేబులకెళ్లి పదిహేను రూపాయలు తీసి
ఎర్ర గీత మీద పెట్టిండు.
గంట కూడ కాలేదన్నా వినలే.