పాల సెంటర్లో ఓట్ల లెక్క

తెల్లవారుజామున ఐదింటికి
పాలలో మిషను పెట్టి వెన్న చూస్తాను.
నాలుగు. మూడు పాయింట్ ఎనిమిది. మూడు పాయింట్ రెండు.
దీని ముందర అబద్ధం నిలవదు.
మనుషులకు ఇట్లాంటి మిషను లేదు గదా,
అందుకే పది రోజులుగా
పాలకార్డు వెనకాల పెన్సిలుతో కూడికలు, తీసివేతలు.

మా ఊరి ఓట్లు ఎనిమిది వందల పన్నెండు.
ప్రెసిడెంటు కుర్చీ ఒకటి.
నిలబడినోళ్ళు నలుగురు,
నలుగురూ గెలవగలిగినోళ్ళే. అదీ చిక్కు.

చెంగల్రాయుడిది బంతి గుర్తు.
పైవీధంతా ఆయన చుట్టాలే,
చుట్టాలు గనకే సగం మంది ఆయనతో మాట్లాడరు.
మొగిలప్పది కత్తెర. బోర్లు వేసే లారీ ఉంది,
నీళ్ళు పడని బోరుకూ అడుగు లెక్కన వసూలు చేసినాడు.
సెల్వరాజుది విమానం.
బెంగళూరు బస్సు తప్ప ఎక్కింది లేదు పాపం,
అయినా కాలనీ పిల్లోళ్ళు రెండు చేతులూ చాపి
ఆయన వెనకాల ఎగరతా ఉండారు.
ఢిల్లీరాణిది ఉంగరం.
ఆమె సొంత ఉంగరం, తోతాపురి ధర పడిపోయిన ఏడు
బంగారుపాళెం తాకట్టు కొట్టుకు పోయింది.
ఇంకా తిరిగి రాలేదు.

సెల్వరాజు కూర్చుంటే
కాలనీ ఓట్లు ఉంగరానికి పోతాయి.
ఆయన కూర్చోకూడదని
మొగిలప్పే రాత్రికి రాత్రి
విమానం పోస్టర్లకు డబ్బు కట్టినాడంట.
ఎదుటోడి జెండాకు గుడ్డ కొనిచ్చే మనిషిని
ఇప్పుడే చూస్తా ఉండాను.

ఏడు వందల ఎనభై పోలైతే
రెండు వందల పది చాలు.
మిగతా ఐదు వందల డెబ్బై మంది
వద్దనుకున్న మెడలోనే దండ.
సమానంగా వస్తే చీటీలు వేస్తారంట,
చిత్తూరు నుంచి వచ్చిన ఆఫీసరు చెప్పినాడు.
ఇన్ని చీరలు, ఇన్ని బిర్యానీ పొట్లాలు, ఇన్ని దండాలు,
చివరికి డబ్బాలో రెండు కాగితం మడతలు!

కన్నెమ్మవ్వ అరలీటరు పోసి అడిగింది:
"నలుగురికీ బొడ్డు కోసింది నేనే గదమ్మీ,
నాలుగిటి మీదా ముద్ర వేస్తే?"
"చెల్లదవ్వా."
"చెల్లకపోతే పోనీలే,
ఎవురికీ తక్కువ చెయ్యలేదు గదా."
చెల్లని ఓట్ల వరసలో ఒక గీత గీసినాను.

ఒకటి మాత్రం నిజం:
ఈ పది రోజులూ ఆ నాలుగిళ్ళ పాలల్లో
చుక్క నీళ్ళు లేవు.
ఎల్లుండి నుంచి మళ్ళీ చూడాల.

ఎన్నిసార్లు కూడినా
ఎనిమిది వందల పదకొండే వస్తా ఉంది.
పైవీధి, కిందివీధి, కాలనీ, గుట్టకాడ మూడిళ్ళు,
తిరుపతిలో చదివే పిల్లలు, మంచంలో ఉండే ముసలోళ్ళు,
అంతా రాసినాను. ఒకటి తగ్గతా ఉంది.

వ్యాను హారను కొట్టింది.
పెన్సిలు చెవిలో దోపుకొని
క్యాను మూత నొక్కుతా ఉంటే తెలిసింది,
ఆ ఒకటి నేనే.
ఏ వరసలో రాసుకోవాలో తెలీక
మూత ఇంకొంచెం గట్టిగా నొక్కినాను.