అయిదులో ఎంత

"గెడ్డం ఏసురత్నం గారేనా అండి?"
ఆయ్, నేనే.
"మా బీమా కంపెనీ సేవలతో ఎంత సంతృప్తి చెందారు సార్?
ఒకటి నుంచి అయిదు లోపు ఒక అంకె చెప్పండి."

ముక్కామల సెంటర్లో కారు పక్కకి తీశాను.
వెనక సీట్లో అమలాపురం కంటాసుపత్రికి పోయే ముసలామె.
ఫోన్లో పిల్ల గొంతు లేతది,
ఇంకా అన్నం తిన్నట్టు లేదు.

ఏ సంగతికి చెప్పనమ్మా అంకె?

కారు సంగతైతే వినుకో.
ఎర్రనీరు రెండో హెచ్చరిక దాటిన రాత్రి
కారుని గట్టెక్కించాను.
గట్టెక్కాననే అనుకున్నాను.
తెల్లారి చూస్తే ముందద్దంలో ఒక ముదురు కొబ్బరికాయ
పొదిగే కోడిలా ఒబ్బిడిగా కూర్చునుంది.
నాలుగు రోజుల్లో డబ్బు పడింది.
వెనకే "అభినందనలు" అని మెసేజీ.
నెత్తిన కాయ పడ్డందుకు అభినందించిన వాళ్ళు
మా వంశంలో ఎవరికీ లేరు.
కారుకి అయిదు. రాసుకో.

ఇక ఇల్లు.

గట్టు తెగలేదమ్మా.
గోదారి పెద్దమనిషిలా అవతలే నడిచిపోయింది.
అది పొంగిందని తూము తలుపులు దింపేశారు.
ఇవతల కురిసిన వానకి దారి లేక
కౌశిక వెనక్కి తిరిగి, పంటబోదె దాటి,
మార్త చెప్పులు ముందు నడిపించుకుంటూ
పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకొచ్చింది.
తొమ్మిది రోజులుంది.

మీవాళ్ళే ఒకాయన ఫోన్ చేసి అడిగాడు:
నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి?
గోదారివైతే వరద, డ్రైనువైతే ముంపు.
మీ కాగితంలో వరద ఉంది.

నీళ్ళకి ఇంటిపేరుంటుందాండి?
పరుపు పిండి చూశాం, చెప్పలేదు.

సర్వేకి రాజమండ్రి నుంచి సత్యవేణి గారొచ్చారు.
భుజాన టేపు, చంకలో తడిసిన ఫైలు.
జానెడు బురదున్న మా గుమ్మం ముందు
ఆగి, చెప్పులు విడిచారు.
ఎందుకండీ, లోపలా బురదే కదా అన్నాను.
"ఇల్లే కదండీ" అన్నారు.
గోడ మీద రొమ్మెత్తున ఉన్న గీతని కొలిచి
మూడు సార్లు ఫోటో తీసి,
ఎటు నుంచి వచ్చాయో రాసే చోట
చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

లెక్క తేలేదాకా సున్నం వెయ్యొద్దన్నారు.
మంచం తేలింది, బిందెలు తేలాయి,
బీరువా కూడా కాస్త తేలింది.
లెక్క ఏడు నెలలకి తేలింది.
నేను రాసింది లక్షా ఎనభై ఆరు వేలు.
బీరువాకి తరుగు, మంచానికి తరుగు,
మార్త కుట్టుమిషను పాతది గనక మొత్తం తరుగు.
ఆపైన కోత.
చేతికొచ్చింది ఇరవై మూడు వేల నాలుగొందలు.

కోత నాకు కొత్త కాదులే.
లంకలో మా తాత అరవై సెంట్లు, వంగతోటతో సహా,
ఏటా ఇంత బారు చొప్పున గోదారి కోసుకుపోయింది.
ఎందుకని అడగలేదు మేం.
గోదారికి మేం ప్రీమియం కట్టలేదు కదా.

"సార్, లైన్లో ఉన్నారా?"

వెనక నుంచి ముసలామె: "ఎవరు బాబూ?
ఏంటంట, ఎంతంట?"
అయిదులో ఎంతో చెప్పాలంటమ్మా.
"పాపం ఆడపిల్ల, నోరు తెరిచి అడిగింది,
ఏదోటి ఇచ్చెయ్."

సత్యవేణి గారికి అయిదు.
కారుకి ఇందాకే చెప్పాను.
ఇంటికి...
"సార్, అంకె ఒక్కటే చెప్పాలండి.
విడివిడిగా వెయ్యడానికి నాకు గడి లేదు."

మూడు, అన్నాను.
ఎవరికి ఎంత పంచుకుంటారో వాళ్ళిష్టం.

జూన్ ఆఖరు. గాలి తిరిగింది.
సాయంత్రం మళ్ళీ మెసేజీ: గడువు దగ్గరపడింది, కట్టండి.
కట్టాను.
మార్త పొయ్యి దగ్గర నుంచే అడిగింది:
"వరదకా, ముంపుకా?"
ముంపుకి వేరే కట్టాలంట, అన్నాను.

తనేం అనలేదు.
చెప్పులు తుడిచి
అటక మీద పెట్టింది.