రెక్కాడితే

డొమితిలా లెక్కలో
కీచురాళ్లు దీవి వదిలి చాలా ఏళ్లయింది.

కవాయిలో, వైలువా ఏటి పక్కన
చర్చి పచ్చిక కోసే పని ఆమెది.
ఇలోకోస్ నుంచి చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చాడు వాళ్ల నాన్న.
చెరుకూ పోయింది, మిల్లు కూతా పోయింది,
పురుగులు మాత్రం ఎందుకుంటాయిలే అనుకుంది.
చీకటి పడ్డాక మెట్ల మీద కూర్చుని
ఒక చెవిని ఊరికే తెరిచి ఉంచేది.

ఆ రాత్రి కవేహి వచ్చాడు,
నుదుటికి దీపం కట్టుకుని, చంకలో ప్లాస్టిక్ డబ్బాలతో.
"అవ్వా, ఇటు రా. వంగి చూడు."
గడ్డి మొదట్లో, ఎర్ర వెలుగు పడ్డచోట
ఒకటి, నాలుగు, తొమ్మిది,
నల్లగా, నూనె రాసినట్టు, మీసాలు కదుపుతూ,
కీచురాళ్లే.
ఒక్కటీ కిక్కురుమనదు.

"నోరు మూసుకోమని వీటికెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు.
(ఆ మాట ఒప్పించడమే కష్టం. మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు.)

వీటి నోరు రెక్కలో ఉంటుంది.
ఒక రెక్క మీద ఆకురాయి పళ్లు,
ఇంకో రెక్క అంచున గీరే గోరు.
రెండూ రాసుకుంటే పాట.
పాట వింటే ఆడది వస్తుంది.
ఆడది మాత్రమే వచ్చి ఉంటే ఈ కథ లేదు.

ఒక ఈగ కూడా వస్తుంది.
ఈ పాట కోసమే చెక్కినట్టుండే చెవులు దానికి.
(చెక్కినట్టు అన్నాను. చెక్కినవాడు లేడు.)
చీకట్లో పాట పట్టుకుని దిగి
పాడేవాడి వీపున పిల్లల్ని వదిలిపోతుంది.
అవి తొలుచుకుని లోపలికి వెళ్లి
వారం రోజులు ఇంట్లో ఉన్నట్టే ఉండి, తిని,
ఇల్లు కూల్చి బయటికొస్తాయి.

రెక్కాడితేగాని డొక్కాడదంటాం మన వైపు.
ఇక్కడ రెక్కాడితే
డొక్కలో ఇంకొకరి సంతానం.

ఎప్పుడో, ఏ గుడ్డులోనో
నకలు రాస్తుంటే ఒక అక్షరం జారింది.
జారుతూనే ఉంటాయి. చాలావాటిని ఎవరూ గమనించరు,
కొన్ని పుట్టకముందే చంపేస్తాయి.
ఈ జారుడికి మాత్రం ఒకడి రెక్క
ఇస్త్రీ చొక్కాలా నున్నగా వచ్చింది.
ఇంకో దీవిలో, ఈగ లేని చోట
వాడు ఒంటరిగా పోయేవాడు,
వాడితోనే ఆ తప్పూ మట్టిలో కలిసేది.
ఇక్కడ, పాడగలవాళ్లు ముందు పోయారు.

తలరాత అనకండి.
రెక్కరాత. అదీ చేతిపొరపాటు.

బతికుండగా ఏ పురుగూ మౌనం నేర్చుకోలేదు.
మూగగా పుట్టినవి మిగిలాయి,
మిగిలినవి కన్నాయి.
ఇరవై తరాలు పట్టిందేమో. అంటే
డొమితిలా మనవడు పుట్టి, పలక పట్టేంత కాలం.

"అది సరే," అంది నలుగురు కూతుళ్లను కన్న మనిషి,
"పాటే లేకపోతే ఆడదానికి దారెలా తెలుస్తుంది?"

కవేహి దీపం ఆర్పాడు.
చాలాసేపటికి, కంచె అవతల
ఒక్కటంటే ఒక్కటి, సన్నగా, గాజుముక్క గీసినట్టు.
దాని చుట్టూ మూగవాళ్లు ముసిరి ఉంటారట,
పాట విని వచ్చేవాళ్లకు దారికాచి.
ఈగకూ ఆ చిరునామా తెలుసు.

డొమితిలా ఉన్నట్టుండి నవ్వింది.
"మా యుసేబియో కూడా ఇంతే!
కూలీల లైనులో శనివారం డాన్సు,
గిటారు వాయించింది ఇంకొకడు.
వీడు పక్కన నిలబడ్డాడు, అంతే. నేను వీణ్ణి చేసుకున్నాను."

మర్నాడు కంచె వారన ఒక బార గడ్డి కోయకుండా వదిలేసింది.
వాయించినవాడి పేరు
మిషను కడిగి లోపల పెట్టేదాకా గుర్తు రాలేదు:
క్రిసాంతో.