చీటీలో మూడో లైను

ముందు ఫోటో తీశారు.
ముఖానికి కాదు, మోకాలి వెనక్కి.
నేనెప్పుడూ సరిగా చూడని నా వెనకవైపు
ఫోనులో పెద్దది చేసి చూపించింది జెస్సీ సిస్టరు:
ఊదా, ఎరుపు, నీలం దారాలు
చిక్కుపడి మడమ దాకా.
"సాలీడు నరాలంటారు వీటిని."
నాకు మాత్రం
మగ్గం మీద పోగు తెగిన చీరలా కనబడింది.
అలాంటివి వస్తే పక్కన పెట్టేస్తాం,
డ్యామేజీ అని కాగితం అంటించి.

డాబాగార్డెన్స్‌లో రెండంతస్తుల చీరల కొట్టు మాది.
మాది అంటే యజమానిది.
పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా
కస్టమర్లకి కుర్చీలు, మాకు కౌంటరు అంచు.
పంతొమ్మిదేళ్ళు.
ఆషాఢం సేల్లో అన్నం కూడా గోడకి ఆనుకునే.

క్లినిక్కు మహారాణిపేటలో, మూడో అంతస్తు.
కిటికీలోంచి సముద్రం.
బెర్తు దొరక్క నీళ్ళ మధ్య నిలబడ్డ ఓడలు
నాలుగో, ఐదో.
పాపం, అవీ అంతే.

కాళ్ళలో గడ్డలు కట్టాయా, ఏ మందైనా పడదా,
కడుపుతో ఉన్నారా అని అడిగింది డాక్టరమ్మ.
"నలభై ఆరండి నాకు."
"అయినా అడగాలి కదమ్మా."

సూది వెంట్రుకంత.
మేం చీర మడతకి గుచ్చే గుండుసూది దీనికి తాత.
మొదటిది తెలియలేదు. రెండోది చీమ.
చీలమండ దగ్గరది మాత్రం
పచ్చిమిరపకాయ నూరిన చెయ్యి తగిలినట్టు
అర నిమిషం మంట,
పిక్క పట్టేసి వదిలింది.
లెక్కపెట్టడం నా అలవాటు: ఇరవై మూడు.

మందు దూరిన చోట నీలం తెల్లబోయింది.
సంతోషించే లోపలే తిరిగి తేలింది
ఎర్రగా, దద్దురు దద్దురుగా.
"పోలేదేంటండీ?"
"ఇవాళే పోవు. లోపల గోడలు అతుక్కోవాలి,
మెల్లగా ఒంట్లో కలిసిపోవాలి.
ఆరు వారాలు. ఇంకో రెండుసార్లు రావాలి.
ముందు ఇంకా అసహ్యంగా ఉంటుంది, కంగారుపడకండి."
ఆ మాట నచ్చింది నాకు.
మా కొట్లో రంగు దిగుతుందని
ముందే చెప్పినవాళ్ళు లేరు.

"మరి ఆ రక్తం ఎటు పోతుంది?"
"జగదాంబ దగ్గర రోడ్డు మూసేస్తే
బస్సులు ఎటు పోతాయి?"

తొడ దాకా బిగుతు మేజోళ్ళు తొడిగి
అరగంట నడవమన్నారు.
ఉక్కలో, ఉప్పుగాలిలో
బీచ్ రోడ్డు వెంట నడిచాను.
ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది:
ఎనిమిదేళ్ళుగా ఆడపడుచు పిల్లలతో వచ్చినప్పుడల్లా
"నాకు అలలంటే కళ్ళు తిరుగుతాయర్రా" అని
చెప్పుల కాపలా కూర్చున్నాను.
తిరిగేవి నా కళ్ళు కావు.
కుచ్చిళ్ళు ఎత్తితే
పక్కవాళ్ళవి.

మూడో రోజుకి వంకాయ రంగు.
వారానికి చిలకపచ్చ, తర్వాత పసుపు, గంధం.
నా పిక్క మీదే కౌంటరు తెరిచినట్టు.
ఒకచోట టీ మరక మిగిలింది.
నెలలు పడుతుందట,
ఒక్కోసారి ఉండిపోతుందట.

చీటీలో మొదటి లైను మేజోళ్ళు.
రెండోది, ఎండా వేడినీళ్ళూ వద్దు.
మూడోది: గంటకోసారి కూర్చోవాలి.
"అలాగే నిలబడితే కొత్తవి వస్తాయమ్మా.
నేను సూది వెయ్యగలను,
స్టూలు వెయ్యలేను."

చీటీ యజమాని ముందు పెట్టాను.
చదివి, వెనక్కి తిప్పి చూశాడు,
అక్కడేదో డిస్కౌంటు రాసున్నట్టు.
"అందరూ ఇదే అడిగితే?"
ఫ్యాన్సీ సెక్షన్ వరహాలు
అద్దం తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి
ఏం మాట్లాడకుండా
చీర అంచు జానెడు పైకెత్తింది.
ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

సోమవారం గోడౌన్లోంచి వచ్చింది
నీలం ప్లాస్టిక్ స్టూలు, ఒక కాలు కాస్త పొట్టి.
పదకొండు మందికి ఒకటి.
నా వంతు నాలుగున్నరకి.
కూర్చున్నాను.
కౌంటరుకి అవతల
పట్టు చూపించమన్నావిడ కళ్ళు
సరిగ్గా నా కళ్ళకి ఎదురుగా ఉన్నాయి.
అలవాటుకొద్దీ లేవబోయి
ఆగి,
ఏ రంగు కావాలమ్మా అన్నాను.

రెండో విడత వచ్చే నెల పద్నాలుగున.