గోడ వైపు

ఎమ్డెన్ జైలుకు నన్ను కోర్టు పంపింది.
చేతిలో ఐదు మీటర్ల స్టీలు టేపు, చెవి మీద పెన్సిలు,
సంచిలో మూడు సంతకాల ఉత్తర్వు:
"ముప్పై ఒకటో నంబరు గదియందు
మానవ గౌరవమునకు భంగము కలిగినదో లేదో తేల్చుటకై
కొలతలు సమర్పించవలెను."

ఇరవై రెండేళ్లుగా కొలుస్తూనే ఉన్నాను,
సముద్రపు కట్టలు, గొడ్ల కొట్టాలు,
విడాకులైనవాళ్లు పంచుకునే పెరళ్లు.
దీన్ని మాత్రం
టేపు కొక్కెం దేనికి తగిలించి మొదలుపెట్టాలో తోచలేదు.
బరువైన మాట.
నా దగ్గర తక్కెడ లేదు.

పొడవు మూడు మీటర్ల డెబ్బై. వెడల్పు రెండు పది.
మనుషులు ఇద్దరు. కిటికీ ఒకటి.
మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య రెండు జానలు.
తలుపు లేదు.
తాడు మీద ఓ తువ్వాలు, అదీ మోకాళ్ల దాకా రాదు.

పిటిషన్ వేసినవాడు డెట్లెఫ్ ఫార్న్‌హోల్ట్.
మంచివాడని చెప్పను.
రేవు గోదాములో రాత్రి కాపలా ముసలాయన దవడ విరగ్గొట్టాడు.
ఆయనకు ఈనాటికీ జావే తిండి.
ఆయన భార్య రాసిన ఉత్తరం ఫైలులో ఉంది:
"మా ఆయన్ని కొట్టిన రోజు
వాడు ఏ టేపుతో కొలిచాడో అడగండి."
చదివి నేనూ ఆమె పక్కకే వెళ్లాను.
ఇప్పటికీ పూర్తిగా ఇవతలికి రాలేదు.

చట్టం మాత్రం మొదటి వాక్యంలోనే మొండికేసి కూర్చుంది:
ఇది జీతం కాదు, పని చూసి ఇవ్వడానికి,
అప్పు కాదు, ఎగ్గొట్టాడని జప్తు చేయడానికి.
పరువు పోతుంది. పదవి ఊడుతుంది. మర్యాద తగ్గుతుంది.
ఇది పోదట.

"పోనిదానికి కాపలా ఎందుకు?" అన్నాను.
కోర్టు గుమస్తా ఇంకెన్ టీలో కలకండ పలుకు వేసి
అది చిట్లే చప్పుడు పూర్తిగా విని
"పోదు గనకే నొప్పి" అంది.

గదిలో రెండోవాడు యోన్కో, బల్గేరియావాడు.
వాళ్లిద్దరికీ కలిసే భాష లేదు.
నేను మోకాళ్ల మీద కూర్చుని మూల కొలుస్తుంటే
అతను కడుపు పట్టుకుని లేచాడు.
డెట్లెఫ్ మాట్లాడకుండా కొళాయి విప్పాడు,
గోడ వైపు తిరిగాడు, నుదురు ఆనించాడు,
శ్రుతి లేని ఈల ఒకటి గట్టిగా అందుకున్నాడు.
వెనక్కి చెయ్యి చాచి నాకూ సైగ చేశాడు:
తిరుగు.

తిరిగాను.
టేపు సర్రున డబ్బాలోకి పోయింది.

అప్పుడు కనిపించాయి గోడ మీద
రెండు జిడ్డు మరకలు,
ఒకటి నా కళ్లెత్తున, ఇంకొకటి కాస్త కింద.
పదకొండు నెలలుగా
ఒకడి కోసం ఒకడు తిప్పుకున్న మొహాలు
రంగును అరగదీసిన చోటు.

ఎందుకో కొలిచాను.
నూట డెబ్బై ఒకటి. నూట యాభై ఎనిమిది.
నివేదికలో ఆఖరి వరుసగా రాశాను.

తీర్పు వచ్చింది. భంగం కలిగింది, రోజుకు పది యూరోలు.
వెల లేనిదని రాసిన పేజీ అడుగునే
కూడిక వేసి ఉంది.

నా నివేదిక నకలు తపాలాలో తిరిగి వచ్చింది.
ఆఖరి వరుస మీద ఎర్రగీత.
పక్కన చిన్న అక్షరాలతో: "కేసుకు సంబంధం లేదు."

గీత పొడవు
ఆరున్నర సెంటీమీటర్లు.