ఎన్నెల ఎక్కిన బండి

పానగల్ బైపాస్ పక్కన రేకుల కింద
పాత పికప్పులు వరుసగ నిలబడ్డయ్,
సంతల ఎద్దుల లెక్కనే,
అమ్ముడువోవాలని మొఖాలకు రంగేసుకొని.

షోకత్ సేటు ఒకదాని టైరును తన్నిండు.
"టన్నున్నర మోస్తది, ఎంత ఎత్తుగడ్డయినా థర్డుల ఎక్కుతది.
సిమెంటేస్కో, ఇసుక పోస్కో, అడిగేటోడు లేడు."
నేను మోసేది నాలుగు క్వింటాళ్లే.
కాకపోతే అది ఊపిరి తీస్తది.
బ్రేకేస్తే దేన్ని పట్టుకోవాల్నో దానికి తెల్వదు.

మాది పేరుకు గుర్రంపోడు,
ఊరు మొత్తంల గుర్రం మా ఎన్నెలొక్కటే.
ఇంతకాలం నడిచే పోయినం,
కొండమల్లేపల్లి, హాలియా, చింతపల్లి,
యాడ బరాత్ ఉంటే ఆడికి.
నేను ముందట, అది ఎనక, మధ్యల గజం తాడు.
పెండ్లికొడుకును దింపినంక
డీజే ఇంకా చెవులల్ల గుయ్యిమంటుంటె
తెల్లారేదాక మల్ల ఇంటి తొవ్వ.

పోయిన మాఘంల
ఒక టిప్పర్ గాలి దాన్ని కంపల్లకు నెట్టింది.
ముందరి ఎడమ గిట్ట చీలింది.
లుంగి అంచు చింపి కట్టిన.
నెత్తురు తుడుస్తుంటె నా మొఖం మీద ఊదింది,
తిట్టిందో, ఓదార్చిందో.

అందుకే వచ్చిన,
మా చెల్లె మైసమ్మ చిట్టీ ఎత్తిన పైసలు పట్టుకొని.

మొదటిది తెల్లది, లోపట ఏసీ గూడ ఉన్నది.
కిందికి వంగి చూస్తే కమాన్ కట్ట ఇంత లావు.
"గట్టి బండి" అన్నడు సేటు.
అదే తంటా.
బరువుకు పుట్టిన బండి
తక్కువ బరువెత్తుకుంటే ఎగిరెగిరి పడ్తది.
నాలుగు క్వింటాళ్ల పానం
గుంతగుంతకు గాల్లకు లేస్తది.
సేటు నవ్విండు:
"గట్టిది వద్దనేటోన్ని నిన్నే చూస్తున్న."

కొనేటోన్ని నేను, ఎక్కేది అది.
రాత్రంత నడిపించుకొచ్చిన,
ఇదే ఆఖరి నడకని చెవుల చెప్పి.

తెల్లబండిని చూసి చెవులు ఎనక్కి పెట్టింది.
రెండోది గచ్చకాయ రంగు, కొత్త టైర్లు.
తలుపు దించంగనే ముక్కులు పొంగినయ్,
నాలుగు కాళ్లు భూమిల నాటింది.
ఫినాయిల్‌తోటి కడిగిండ్రు, నాకేం వాసన రాలె.
"ఏం మోసిండ్రు దీంట్ల?"
సేటు జర ఆగి, "మేకలు" అన్నడు.
"యాడికి?"
జవాబియ్యలె.

మూడోది మూలకున్నది.
పదేండ్లు బత్తాయిలు మోసిందట.
ఇంజనుకు దమ్ము తక్కువ, లోపటి అద్దం పలిగింది,
హారన్ కొడ్తే గొంతు రాసుకపోయిన ముసలోడు పిలిచినట్టు.
పలకల సందుల ఎండిన తొక్కలు.
ఎన్నెల మెడ సాపి ఒక తొక్క నాకింది.
నేనింకా సేటుతోటి ధర మాట్లాడుతనే ఉన్న,
అది ముందటి కాలు చెక్క మీద పెట్టింది,
ఆ చీలిన కాలే.
బరువేసి చూసింది,
తీసింది,
మల్ల పెట్టింది.

ఫైనాన్స్ పిలగాడు అడిగిండు: "ఏం లోడ్ కాకా?"
"పెండ్లిగుర్రం."
వాని ఫారంల ఆ గడి లేదు,
"ఇతరములు" అని రాస్కున్నడు.
ముప్పైయారు కిస్తీలు.
అంటే నేనింకా మొఖం చూడని
ముప్పైయారుగురు పెండ్లికొడుకులు దాని వీపెక్కాలె.
ఆషాఢం, మూఢం వాళ్లకే,
కిస్తీకి లేవు.

ఇంటికి మెల్లగనే నడిపిన.
ఇనుప కడ్డీలకు గోనెసంచులు చుట్టిన,
కింద వరిగడ్డి మందంగ పరిచిన.
మూతి ముందటికే కట్టిన గని
కనగల్ దాటేసరికి తాడు వదులు చేస్కొని
ఎనక తలుపు దిక్కు తిరిగి నిలబడ్డది.
పలిగిన అద్దంల దాని తోక రెండు ముక్కలు.

పన్నెండేండ్లు కాళ్లతోటి కొలిచిన తొవ్వ
కాలు కదపకుండనే ఎనక్కి పోతుంటె
చూస్కుంట నిలబడ్డది.
నాకేమో, పాదం యాక్సిలేటర్ మీద ఉన్నదన్న మాటే,
పిక్కలు రెండూ గుంజుతున్నయ్,
ఇంకా నడుస్తనే ఉన్నట్టు.