తెంపుల గీత

మూడే బోర్లు.
నాలుగోదానికి ఎస్టిమేట్‌లో చోటు లేదన్నారు.
రాజోలు దాటాక, పంటకాలవ మలుపులో
మంచినీళ్ళ టాంకు నిలబడాల్సిన అరెకరం.

ఏసుపాదం తాడు వదిలినప్పుడల్లా
అరవైమూడున్నర కిలోల సుత్తి పడుతుంది.
అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలో
వేళ్ళ కణుపుల మీద లెక్క.
మొదటి బోరులో, తొమ్మిది మీటర్ల దగ్గర
ఇరవై రెండు. ఇసుక.
రెండోది కాలవ గట్టున. అదీ ఇసుకే.
మూడోదాంట్లో నాలుగు.
గొట్టం విప్పితే నల్లబంక, మురిగిన గుడ్డు వాసన,
కుళ్ళీ కుళ్ళని మడచెక్క, గోరంత నత్తగుల్ల:
సముద్రం ఒకప్పుడు ఇక్కడ అద్దెకుండి
ఖాళీ చేస్తూ మరిచిపోయిన సామాను.

ఒకటికీ మూడుకీ మధ్య నలభై మీటర్లు.
అక్కడ ఏముందో నాకు తెలీదు.
తెలీదని రాస్తే బిల్లు పాసవదు.
అందుకే తెలియకపోవడాన్ని లెక్కకట్టడం నేర్చుకున్నాను.

రాత్రి లాడ్జిలో, దోమల కాయిల్ పొగలో
లాప్‌టాప్ ఈ నేలని వెయ్యిసార్లు కోసి చూపించింది.
బోర్ల దగ్గర అన్నీ ఒకేలా,
మధ్యలో దేని దారి దానిదే.
కొన్నిట్లో బంక పూతరేకంత పలచన,
కొన్నిట్లో నిలువెత్తు మనిషిని దాచేంత.
వెయ్యిలో టాంకు ఒరిగేవి నూట ఎనభై.

పొద్దున్న టీ పోస్తూ పల్లాలమ్మ అంది
"ఆయ్, దీన్ని పాతరేవు చేను అంటారండి."
ఏరు ఎక్కడమ్మా?
"ఏరా? మా అత్తకే తెలీదండి."

ఏరు పోయింది, పేరు ఉండిపోయింది.
సుత్తికైతే తూకం ఉంది.
మాటకి ఎంత బరువివ్వాలి?
ఆ రాత్రి కొంచెం సిగ్గుపడుతూనే
ఆ పేరుని ఒక అంకె చేసి లెక్కలో ఎక్కించాను.
ఒరిగేవి నాలుగొందల పది.

ఇంజనీరుగారు కాగితం తిప్పి తిప్పి చూసి
"ఇంతకీ బంక ఉందా, లేదా?
ఒక్క ముక్క చెప్పండి" అన్నారు.
ఆయన తప్పేం లేదు.
టాంకు శాతాల్లో నిలబడదు.
నాలుగో బోరు అడిగితే నవ్వారు.
భోజనాలయ్యాక సంతకం పెట్టారు,
ఎందుకో చెప్పలేదు.

సరిగ్గా నడిమధ్యలో, తొమ్మిది మీటర్ల దగ్గర
ఏసుపాదం తాడు ఇంకా లాగనే లేదు,
కడ్డీ తన బరువుకే జానెడు దిగిపోయింది.
కాసేపు ఇంజన్ చప్పుడొక్కటే.
"సున్నా రాసుకోండి మేడం."

రాసుకున్నాను.
ఇప్పుడు రెండు సందులు, ఒక్కోటి ఇరవై మీటర్లు.
రిపోర్టులో గీతని మళ్ళీ తెంపులు తెంపులుగానే గీశాను.
బోర్ల పట్టికలో ఐదో వరస చేర్చాను:
పాతరేవు చేను.
లోతు, తెలీదు.